ముద్ర విప్పని ఉత్తరం

రిమ్మోను,
ఎనిమిదో నెల, తొలి వాన పడిన మర్నాడు.

యెరూషలేములో రాజుగారి రాయసం చేసే బావమరిది హత్తూషుకు, రిమ్మోను గుట్ట యాజకుడు ఎలీయాసాపు రాస్తున్నది.

మీ అక్క హొగ్లా బాగానే ఉంది. నేనూ బాగానే ఉన్నాను. నువ్వు బాగుంటావని వేరే అడగక్కర్లేదు, కొలువు తిండి తినేవాడివి.

ఉప్పు గాడిదలు తోలే గేరా నిన్న ఒక వింత చెప్పాడు. అక్కడ గుడి గోడలు బాగుచేయిస్తుంటే పాత తోలు చుట్ట ఒకటి బయటపడిందట. దాన్ని చదివి వినిపిస్తే రాజు ఒంటి మీది బట్టలు చింపుకున్నాడట. ఊరి గుమ్మం దగ్గర అరుగు మీద అందరం ఉన్నాం. మా ఊరి పెద్ద మాకీరు "చింపుకున్నవి కొత్త బట్టలా, పాతవా?" అని అడిగాడు. నవ్వలేక చచ్చాం.

ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టినప్పుడు కాళ్లు నేలకు ఆనేవి కావు. ఇప్పుడు ఇరవై ఆరేళ్లు వచ్చేసరికి దేవుడు ఎక్కడ ఉండాలో కూడా ఆయనే చెబుతున్నాడా? యెరూషలేములో తప్ప ఇంకెక్కడా ధూపం లేవకూడదట కదా. మా గుట్ట మీద మా తాత ధూపం వేశాడు, మా నాన్న వేశాడు, నేను వేస్తున్నాను. యెహోవా పేరు మీదే వేస్తున్నాం. ఆ పొగ వల్ల ఇంతవరకు ఏ దేవుడి కళ్లూ మండలేదు.

ఆ చుట్టకు నకళ్లు రాసేవాళ్లలో నువ్వూ ఉన్నావని గేరా అన్నాడు. రాసుకో. నీకు రాతలంటే ఇష్టం కదా. నాలుగేళ్ల కిందట మీ అమ్మ అబీతలు మా ఇంట్లో ప్రాణం విడిచినప్పుడు కూడా "రాయసం పని ఉంది, సెలవు లేదు, రాలేను" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపావు. మీ అక్క ఆ ఉత్తరాన్ని ఇప్పటికీ దాచుకుంది. చదవడం రాదు కనుక దాచుకుంది.

జవాబు రాయకపోయినా నాకేమీ లోటు లేదు.

ఎలీయాసాపు

మీ అక్క ఎండు అంజూరాలు పంపమంది, పంపుతున్నాను. నా ఇష్టమే అయితే పంపేవాణ్ణి కాదు.


యెరూషలేము,
ఎనిమిదో నెల చివరి వారం.

బావగారికి హత్తూషు నమస్కారం. అక్కకు నా క్షేమం చెప్పండి. అంజూరాలు అందాయి. సగం పురుగు పట్టి ఉన్నాయి.

రాజుగారు బట్టలు చింపుకున్న మాట నిజం. అవి కొత్తవో పాతవో చూసేంత తీరిక ఆ గదిలో ఎవరికీ లేదు. నేను మూలన సిరా బుడ్డి పట్టుకుని నిలబడ్డాను. చదువుతున్నంతసేపూ ఒక్కరు దగ్గలేదు. మనం ఇన్నాళ్లూ చేసిందంతా తప్పేనని ఆ చుట్టలో ఉంది బావగారూ. ఆ తప్పుకు పడబోయే శిక్ష కూడా ఉంది. మీ అరుగు మీద నవ్వుకోవడానికి పనికొచ్చే విషయం కాదిది.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. గెబ నుంచి బెయేర్షెబా దాకా గుట్టల మీద ఉన్న పీఠాలన్నీ పడగొట్టాలని ఆజ్ఞ అయింది. నిలువు రాళ్లు, అషేరా దేవత కొయ్యలు ఏవీ మిగలవు. రిమ్మోను పేరు ఇంకా జాబితాలోకి ఎక్కలేదు. చిన్న ఊరు కనుక ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు వచ్చేలోపు మీ చేత్తో మీరే పడగొట్టి, కంచు పాత్రలు మూటగట్టుకుని ఇక్కడికి వచ్చేయండి. మీది యాజకుల లేవీ వంశం కనుక తోటి యాజకుల పంక్తిలో కూర్చోబెట్టి పులియని రొట్టె పెడతారు. బలిపీఠం ఎక్కనివ్వరు. కట్టెలు మోయడం, పాత్రలు కడగడం లాంటి పనులు ఇస్తారు. మీ వయసుకు అది కష్టమేమీ కాదు.

అమ్మ మాట ఎత్తారు. కొలువులో సెలవు దొరకడం ఎంత కష్టమో మీకు తెలియదు. మీ మేకలు మీరు అడిగినప్పుడల్లా సెలవిస్తాయి.

మీ మంచి కోరే
హత్తూషు


రిమ్మోను,
తొమ్మిదో నెల, పదో రోజు.

హత్తూషుకు.

నీ ఉత్తరం మీ అక్క ముందు చదివాను. కట్టెలు మోయడం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పెరిగింది.

"అరవకండి. వాడు భయపడి రాశాడు" అంది ఆమె.

"ఎవరికి భయపడి?"

"మీకేం జరుగుతుందోనని భయపడి."

నీ అక్క అమాయకురాలు. నీ భయం నాకు అర్థమైంది. కంచు పాత్రలు మూటగట్టుకు రమ్మన్నావు చూడు, అక్కడ అర్థమైంది. మూడు తరాల పాత్రలు పట్టుకెళ్లి ఏ అధికారి కాళ్ల దగ్గర పెట్టి మెప్పు పొందుదామనుకున్నావు?

ఇరవై ఏళ్లుగా ఈ ఊరి పిల్లలకు పేర్లు పెట్టింది నేను. గొడ్డు ఈనినా, బావిలో నీరు ఇంకినా వాళ్లు నా దగ్గరికే గుట్ట ఎక్కి వస్తారు. నన్ను వెళ్లి పరాయి పంక్తిలో అడుక్కునేవాడిలా కూర్చుని రొట్టె తినమంటావా? ఇక్కడ ఉన్నన్నాళ్లూ మీ అమ్మ ఆ నిలువు రాయికి నూనె రాయనిదే పచ్చి మంచినీళ్లు ముట్టేది కాదు. ఆమెదీ తప్పేనా? ఆమె పేరు కూడా రాసుకో నీ చుట్టలో.

ఇంకో మాట విను. ఊరి గుమ్మం దగ్గర అరవై మంది ఒట్టు వేశారు. రాళ్లు కుప్ప పోశాం. మాకీరు అందరికంటే ముందు నిలబడతానన్నాడు. సుత్తి పట్టుకుని వచ్చినవాడెవడైనా గడ్డం లేకుండా వెనక్కి పోతాడు. ఈ ముక్క మీ రాజుకు చదివి వినిపించు. మళ్లీ బట్టలు చింపుకుంటాడు.

గుట్ట యాజకుడు
ఎలీయాసాపు


యెరూషలేము,
పదో నెల, ఆరో రోజు.

ఎలీయాసాపూ,

నిన్ను బావగారూ అని పిలిచే ఓపిక ఇక నాకు లేదు. ఎంత పని చేశావు! కొలువుకు వచ్చే ప్రతి ఉత్తరాన్నీ ముందు మా పై అధికారి విప్పి చదువుతాడు. నీ గడ్డాల మాట, అరవై మంది ఒట్టు, బట్టల ఎగతాళి అన్నీ పదిమంది ముందు పైకి చదివాడు. చదివి, "ఈ రిమ్మోను ఎక్కడుంది?" అన్నాడు. నా వైపు తిరిగి, "నీ బావే కదూ? నీకు తెలిసే ఉంటుంది. అక్కడేమేమున్నాయో రాయి" అని నా ముందు ఆకు పరిచాడు.

రాశాను. బలిపీఠం, నిలువు రాయి, అషేరా కొయ్య, గుట్ట కొనన తొలిచిన సమాధులు. రాయనంటే నా చెయ్యి నాకు మిగిలేది కాదు. కానీ అబద్ధం ఎందుకు, రాస్తున్నప్పుడు నీ మీద కోపం కూడా ఉంది. కలం బాగానే నడిచింది.

ఇప్పుడు కోపం పక్కన పెట్టి ఇది చదువు. పీఠం మళ్లీ ఎందుకూ పనికిరాకుండా చేయడానికి దాని మీద మనుషుల ఎముకలు కాలుస్తున్నారు. ఆ ఎముకల కోసం ఎక్కడికో పోరు. పక్కనున్న సమాధులే తెరుస్తారు. మీ నాన్నవి, మీ తాతవి వెంటనే కిందికి దించు. లోయలో అమ్మను పెట్టిన గుహ ఉంది కదా, వాటినీ అందులోనే పెట్టు. అది జాబితాలో లేదు, అక్కడికి ఎవరూ రారు. గుమ్మం దగ్గర ఎవరినీ నిలబడనివ్వకు. పన్నెండో నెల మొదట్లో బయలుదేరుతారు. నీకు వ్యవధి ఉంది.

బయటికి పోయే ఉత్తరాలను ఎవరూ చదవరు కానీ, దీని మీద కొలువు ముద్ర వేయక తప్పదు. ఏమో, దారిలో పోతుందేమోనని సమాధుల సంగతి గేరాకు నోటితో కూడా చెప్పి పంపుతున్నాను.

అక్కను జాగ్రత్తగా చూసుకో.

హత్తూషు


రిమ్మోను,
పదకొండో నెల, రెండో రోజు.

రాయసగాడికి.

నీ ఉత్తరం నీకే తిప్పి పంపుతున్నాను. తాడు విప్పలేదు, మట్టి ముద్ర పగలలేదు, చూసుకో. రాజముద్ర వేసిన ఉత్తరాలు ఇక నా గడప లోపలికి రావు.

మీ అక్క విప్పమని పట్టుబట్టింది. "ఏముందో చూడండి. నా తమ్ముడు ఊరికే రాయడు" అంది. "నీ తమ్ముడు ఊరికే తప్ప రాయడు" అన్నాను. రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. తిండి మాత్రం పెడుతోంది, గిన్నె గట్టిగా పెడుతోంది.

గేరా కూడా ఏదో చెప్పబోయాడు. నువ్వు చెప్పింది సగం దారిలో మరిచిపోయాడు. "సమాధుల సంగతి చూసుకోమన్నాడు" అన్నాడు. అది ఒక్కటే నీ నోట వచ్చిన పనికొచ్చే మాట. ఏది ఎక్కడ దాచాలో నాకు తెలుసు.

మళ్లీ రాయకు.

ఎలీయాసాపు


రిమ్మోను,
పన్నెండో నెల, ఇరవయ్యో రోజు.

హత్తూషుకు.

రాయవద్దని నేనే అన్నాను. ఇప్పుడు నేనే రాస్తున్నాను. ఈ సంగతి నా చేతి రాతలోనే నువ్వు చదవాలి.

నలభై మంది వచ్చారు. ఒట్టు వేసిన అరవై మందిలో గుమ్మం దగ్గర నిలబడింది పదకొండు మంది. మాకీరే తలుపు తీశాడు. "ఇంట్లో పిల్లలున్నారు యాజకుడా" అన్నాడు.

నన్ను గుట్ట మీదే ఒక పక్కన కూర్చోబెట్టి చేతులు కట్టేశారు. పీఠం తొందరగానే పోయింది. నిలువు రాయి సగం పూట పట్టింది. సుత్తి దెబ్బలకు లొంగకపోతే మంట పెట్టి నీళ్లు పోశారు, అప్పుడు పగిలింది. కొయ్యను ముక్కలు చేసి పోగు పెట్టారు. అయిపోయింది, వెళ్లిపోతారనుకున్నాను. అప్పుడు వాళ్ల అధికారి సంచిలోంచి జాబితా తీశాడు. ఎదురుగా ఎండలో పట్టుకున్నాడు. ఆ అక్షరాలు నాకు తెలియకపోవడమేమిటి, నాలుగేళ్లుగా మా ఇంట్లో ఉన్నవే. "సమాధులు" అని చదివాడు.

సమాధుల జోలికి ఎవరూ పోరనే నమ్మకంతో కంచు పాత్రలన్నీ అక్కడే దాచాను. నువ్వు గేరాతో చెప్పించింది కూడా అదేననుకున్నాను. రాయి దొర్లించగానే పాత్రలు మెరిశాయి. సైనికులు నవ్వారు. పాత్రలు ఉన్నాయి కనుక ఇంకేమున్నాయోనని మూలమూలా గాలించారు. మా తాతను తీశారు. మా నాన్నను తీశారు. చివర లోపలి గూట్లోంచి నీలం ఉన్ని సంచి ఒకటి తీశారు.

అది మీ అమ్మ.

ఏడాది గడిచాక ఆచారం ప్రకారం ఎముకలు తీసి కడిగేటప్పుడు, లోయలోని గుహలో చెమ్మ ఉందని హొగ్లా బాధపడింది. గాలి తగిలే చోట పెట్టమని మీ అమ్మ చివర్లో అడిగిందట. అందుకని మూడేళ్ల కిందట గుట్ట మీదికి మార్చాం. ఆ సంచి మీ అక్కే నేసింది. నీకు రాయమని నాతో నాలుగుసార్లు అంది. రానివాడికి ఎందుకులే అని నేను రాయలేదు.

ఆమె ఆ సంచిని పట్టుకుని వదల్లేదు. "ఇది మా అమ్మ! మా అమ్మది మీ యెరూషలేమే! నా తమ్ముడు మీ రాయసంలోనే ఉన్నాడు, హత్తూషు, మీరు ఎరుగుదురు, వాణ్ణి అడగండి!" అని ఏడ్చింది. ఆ అధికారి చెడ్డవాడు కాడనుకుంటాను. గొంతు తగ్గించి చెప్పాడు. "ఈ జాబితా రాసింది ఆయనేనమ్మా" అన్నాడు.

అప్పుడు ఆమె చేతులు వాటంతట అవే వదిలేశాయి.

ముగ్గురినీ ఆ కొయ్య ముక్కల మీదే కాల్చారు.

ఎలీయాసాపు


యెరూషలేము,
ఆబీబు అనే మొదటి నెల, మూడో రోజు.

ఎలీయాసాపూ,

నువ్వు తిప్పి పంపిన ఉత్తరం దీనితో మళ్లీ పంపుతున్నాను. గేరా దాన్ని కొలువులో ఇవ్వకుండా నా చేతికే ఇచ్చాడు, ముద్ర అలాగే ఉంది. ఇప్పుడు విప్పు. తేదీ చూడు. అది నీ చేతికి వచ్చిన రోజుకూ వాళ్లు వచ్చిన రోజుకూ మధ్య ఎన్నాళ్లున్నాయో నువ్వే లెక్కపెట్టుకో. సమాధుల మాట గేరా నోట అందిందన్నావు కనుక నేను మళ్లీ రాయలేదు.

లోయలోని గుహను జాబితాలో రాయకుండా వదిలేశాను. అమ్మ అక్కడ ఉందనే వదిలేశాను. అమ్మ పైన ఉందని నాకెవరు చెప్పారు? నాలుగుసార్లు అడిగినా నువ్వు రాయలేదు. రాసి ఉంటే సమాధులన్న మాట నా కలంలోంచి వచ్చేది కాదు. నువ్వు రాయకపోవడం వల్ల ఒకసారి, చదవకపోవడం వల్ల ఇంకోసారి, రెండుసార్లు నువ్వే మా అమ్మను ఆ మంటలో వేశావు.

ఇక్కడ ఊరంతా పస్కా పండుగకు సిద్ధమవుతోంది. ఇలాంటి పస్కా రాజులకు ముందటి న్యాయాధిపతుల కాలం తర్వాత జరగలేదంటున్నారు. వీధులన్నీ గొర్రెపిల్లల అరుపులే. అందరి ముఖాల్లోనూ వెలుగు. నేను రాసిన నకళ్లలో తప్పు ఒక్కటీ లేదని నన్ను మెచ్చుకున్నారు. ఆ చుట్ట అబద్ధమని నేను అనను, ఇప్పటికీ అనను. కానీ దాన్ని తెరిచినప్పుడల్లా పొగ వాసన వస్తోంది.

అక్క ఏమంటోంది? అది మాత్రం రాయి. నీ గురించి అక్కర్లేదు.

హత్తూషు


యెరూషలేము,
రెండో నెల, పన్నెండో రోజు.

హత్తూషుకు.

పైన ఊరి పేరు తప్పు రాయలేదు. పస్కా అయిన వారానికి నేను ఇక్కడికే వచ్చాను. గుడి వెనక యాజకుల సాలలో ఉంటున్నాను. పులియని రొట్టె పెడుతున్నారు. కట్టెలు మోస్తున్నాను. నా వయసుకు కష్టమే. మొన్న నువ్వు సిరా మరకల చేతులతో పై మెట్ల మీదుగా పోతుంటే చూశాను. పిలవలేదు. పిలిచి ఏమనాలి?

నీ ముద్ర ఉత్తరం విప్పాను. నాలో నేను చదువుకుని మడిచేద్దామనుకున్నాను. హొగ్లా వచ్చి ఎదురుగా కూర్చుంది. "పైకి చదవండి" అంది. చదివాను. 'నీకు వ్యవధి ఉంది' అన్న చోట ఆగితే, "అదే మళ్లీ చదవండి" అంది. మళ్లీ చదివాను.

ఏడవలేదు. నన్ను తిట్టలేదు. పిండి జాడీ ఖాళీ చేసి, చీపురు పట్టుకుని గుట్ట ఎక్కింది. ఎవరి బూడిద ఏదో ఎలా తెలుస్తుంది? మీ అమ్మ, మా నాన్న, మా తాత, ఆ కొయ్య, అంతా కలిసిపోయింది. మొత్తం ఊడ్చి జాడీలో పోసుకుంది. వెంట వస్తానంటే, "మీరు రావద్దు" అంది. మూడో రోజున తిరిగి వచ్చింది. జాడీ కడిగి ఉంది.

"ఎక్కడ పెట్టావు?" అన్నాను.

"మీరు యెరూషలేము వెళ్లండి. రొట్టె పెడతారటగా" అంది.

వారం రోజులు అడిగాను. ప్రతిసారీ అదే జవాబు. చివరికి వచ్చేశాను.

అందులో మా నాన్న కూడా ఉన్నాడు హత్తూషూ. ఏడాదికొకసారి నూనె పోయడానికైనా నాకు చోటు తెలియాలి. నన్ను చూస్తే ఆమె ముఖం మూసుకుపోతోంది. నువ్వు ఆమె పెంచిన తమ్ముడివి, నువ్వు అడిగితే చెబుతుందేమో. వెళ్లి అడుగు. ఇది బతిమాలుతున్నానని అనుకోకు. నీకూ అవసరమే కనుక చెబుతున్నాను.

ఎలీయాసాపు


రిమ్మోను,
మూడో నెల, గోధుమ కోతల చివరి రోజు.

ఎలీయాసాపుకు.

సెలవు అడిగాను. వెంటనే ఇచ్చారు. "ఎన్నాళ్లు కావాలి?" అని కూడా అడిగారు. నాలుగేళ్ల కిందట నేను అడగనేలేదు. దొరకదని నాకు నేనే చెప్పుకున్నాను. ఇది నీకు ఎందుకు రాస్తున్నానో తెలియదు. ఎవరికో ఒకరికి చెప్పాలి.

నేను వచ్చేసరికి అక్క మేకకు పాలు పితుకుతోంది. లేవలేదు. పితకడం అయ్యాక కాళ్లకు నీళ్లు తెచ్చిచ్చింది. చిక్కుడు గింజల కూర, రొట్టె పెట్టింది. "చిక్కిపోయావు" అంది. మేకల గురించి చెప్పింది, కోతల గురించి చెప్పింది. నీ గురించి ఒక్కటే అడిగింది, వీపు నొప్పి తగ్గిందా అని. తగ్గలేదన్నాను. నాకు తెలియదు, కానీ అలా అన్నాను.

నాలుగు రోజులు ఆమె వెంట పొలానికి వెళ్లి కట్టలు కట్టాను. నా చేతులు పగిలితే నూనె రాసింది. ఇంత చేశాక చెబుతుందనే ధైర్యంతో నిన్న అడిగాను.

"అక్కా, అమ్మను ఎక్కడ పెట్టావు?"

కొడవలి కింద పెట్టింది. చాలాసేపు నన్నే చూసింది. కోపం ఉంటే బాగుండేది.

"నువ్వు రాసేవాడివి తమ్ముడూ. చెబితే రాస్తావు" అంది.

"రాయను. ఒట్టు."

"ఎవరైనా పెద్దవాడు ముందు ఆకు పరిచి రాయమంటే రాస్తావు."

"పోనీ బావకు చెప్పు. ఆయన తండ్రి కూడా ఉన్నాడు కదా అందులో" అన్నాను.

"ఆయనకు కబురు పంపినా విప్పడు" అని కొడవలి తీసుకుని వరుసలోకి వెళ్లిపోయింది.

ఈరోజు ఒక్కణ్ణే వెతకడానికి బయలుదేరాను. గుట్ట వెనక, లోయలో, బావి దారిలో, ఎండిన వాగు పొడుగునా తిరిగాను. కోతలు అయిన నేల అంతా ఒకేలా ఉంది. తిరిగి వస్తుంటే గుమ్మం అరుగు మీద మాకీరూ గేరా, ఇంకా పదిమంది కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే ఆపేశారు. మాకీరు కళ్లు దించుకున్నాడు. ఎవరో ఆడమనిషి నన్ను దాటిపోతూ, చేతిలోని నూనె గిన్నెను పైట కిందికి జరుపుకుంది.

వాళ్లందరికీ తెలుసు ఎలీయాసాపూ. ఊరంతటికీ తెలుసు. తెలియనిది మనిద్దరికే.

రేపు బయలుదేరుతున్నాను. యెరూషలేములో నేను ఎదురుపడితే నువ్వు పలకరించవద్దు. నేనూ పలకరించను.

హత్తూషు